నారి తీసే అత్త

మొన్న మోకాలి నొప్పికని హోసూరులో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కుర్రవాడు, మర్యాదస్తుడు. మోకాలు చూడబోయి చీలమండ దగ్గర ఆగిపోయాడు. అక్కడ నాకు పావలా కాసంత మచ్చ ఉంది. చర్మం ముడిపడి, నడుమ చిన్న గుంటతో, చూసేవాళ్ళకు కొంచెం వికారంగానే ఉంటుంది.

"ఇదేంది సార్, పాము కరిచినేదా?" అన్నాడు.

"కాదు నాయనా, నారికురుపు."

అతను ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాడు. కాలిలోంచి దారంలాగా పురుగు బయటికి వచ్చే జబ్బు అని వివరిస్తే, "ఓ, అదా! పుస్తకంలో చదివినాను సార్, మనిషి మీద చూసేది ఇదే మొదలు" అని కాలు వెలుతురులోకి తిప్పి మరీ చూశాడు. పక్క గదిలోంచి ఇంకో డాక్టరమ్మను పిలిచి ఆమెకూ చూపించాడు. ఇద్దరూ నా కాలు చూసి చాలా ముచ్చటపడ్డారు. మోకాలి సంగతి నేనే గుర్తు చేయాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చే దారంతా నాకు ఒక బొటనవేలు గుర్తొస్తూనే ఉంది. మెత్తగా, ఆముదం వాసనతో, నా చీలమండ మీద ఒత్తి పట్టుకున్న బొటనవేలు. దాని వెనకే ఆ మనిషి, ఆ గొంతు.

అప్పట్లో ఈ ప్రాంతమంతా సేలం జిల్లా. మాది చిత్తూరు వైపు. ఉద్యోగం ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్ళే వయసు. బాగలూరు దగ్గర ఒక పల్లెలో తెలుగు బడికి అయ్యవారుగా వచ్చి చేరాను. ఊరికి నడిబొడ్డున రాతి మెట్లతో పెద్ద దిగుడు బావి. మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, బిందె ముంచుకుని ఎక్కి రావాలి. నీళ్ళు తియ్యగా ఉండేవి. నేనూ అందరిలాగే దిగి ముంచుకున్నాను, అందరిలాగే తాగాను. మరుసటి ఏడు ఎండలు ముదిరే వేళకు నా చీలమండ మీద పొక్కు లేచింది. నిప్పు మీద కాలు పెట్టినంత మంట.

బడి పక్కింటావిడ ఒక్క చూపు చూసి, "నారి. అత్త కాడికి పోండి అయ్యోరా" అంది.

ఊరంతా ఆమెను అత్తా అనే పిలిచేవారు. అసలు పేరు నాకిప్పటికీ తెలియదు. ఊరికి క్షౌరం చేసే ఇంటి కోడలు. పురుళ్ళు పోసేది, కురుపులు కోసేది. అన్నింటికన్నా నారి తీయడంలో చుట్టుపక్కల ఆమెకు సాటి లేరు. తళి గుట్టల మీద నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవారు. పొద్దు పొడవగానే ఇంటిముందు బండ మీద కూర్చునేది. లావుపాటి మనిషి, నడుములో నశ్యం డబ్బా, దూరాన పొలంలో ఉన్నవాడికి కూడా వినబడే గొంతు. వినయం అనేది ఆ ఛాయలకే రాలేదు. "నా మాదిరి నారి తీసేవాళ్ళు మైసూరు సీమలోనూ లేరు, మదరాసులోనూ లేరు" అని తనే చెప్పుకునేది. మదరాసు ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆమె ఇంట్లో గిన్నెలు తోమేది మొగుడు. దీనికి ఊరంతా నవ్వుకునేది. బూడిదతో గిన్నెలు తోమినా, మిరపకాయలు దంచినా వేళ్ళు మొద్దుబారతాయని, చర్మం కింద నారి కదలడం తెలియదని ఆమె వాదన. రోజూ రాత్రి చేతులకు ఆముదం రాసుకునేది. ఆ మొగుడు కుంటివాడు. పెళ్ళయిన కొత్తలో అతని కాలిలో నారి వస్తే, వాళ్ళమ్మ ఊర్లో లేనప్పుడు ఎవరో తొందరపడి లాగారట. అది లోపలే తెగింది. కాలు బూరెలా వాచి, చీము పట్టి, చివరికి వంకర పోయింది. ఆ ఏడాదే ఆమె అత్తగారి పక్కన కూర్చుని ఈ విద్య పట్టింది. "తొందరపడినోడికి కుంటికాలు" అనేది ఆమె నోట్లో ఎప్పుడూ ఉండే మాట. అన్నప్పుడల్లా లోపల గిన్నెలు తోముతున్న మనిషి వైపు ఒకసారి చూసేది.

ఎవరు వచ్చినా ఆమె ముందు కాలు చూసేది కాదు. "ఏ బాయి నీళ్ళు?" అని అడిగేది. నన్నూ అదే అడిగింది.

"ఇక్కడిదే, ఊరి బావి."

"దిగినావా?"

"దిగకుండా ఎట్లా తేవాలి?"

"కాళ్ళకు ఆముదం పట్టించుకోకుండా దిగినావు. సదువుకున్నోడివి గదా, అడగొద్దా?" అని తిట్టింది. తిట్లన్నీ తెలుగులో. సర్కారు మనుషులతో తమిళం, ఎద్దులతో కన్నడం. కానీ నారితో మాట్లాడినప్పుడు మాత్రం అదే తెలుగు వెన్నలా మారిపోయేది.

నన్ను బావికి తీసుకుపోయి అడుగు మెట్టు మీద కూర్చోబెట్టి కాళ్ళు నీళ్ళలో పెట్టమంది. మంట చల్లారి ప్రాణం లేచి వచ్చింది. కాసేపటికి పొక్కు చితికి, నీళ్ళలోకి తెల్లగా, పాలచుక్క కలిసినట్టు ఏదో వదిలింది.

"పాలు దిగినాయి" అంది తృప్తిగా. "ఇంగ సులువు."

తెల్లటి దారపు కొస బయటికి వచ్చింది. దాన్ని కొబ్బరి ఈనెపుల్లకు చుట్టి, వచ్చినంత మేరకే మెల్లగా తిప్పింది. "రా తల్లీ, రా. నిన్నెవురూ తరమడం లే. నిదానంగా రా" అని దాన్ని బతిమాలింది. అది బిగుసుకోగానే ఆపి, ఉమ్మెత్తాకు వెచ్చచేసి కట్టి పంపేసింది. రోజూ పొద్దున్నే అంతే. రోజుకు వేలెడు వస్తే గొప్ప. కొన్నిరోజులు అదీ లేదు. "లాగేది నేను కాదప్పా, వచ్చేది అది" అనేది. నా కాలిలోది మొత్తం బయటపడేసరికి నాకు ఊరి సంగతులన్నీ తెలిసిపోయాయి. ఊరికి నా సంగతులన్నీ తెలిసిపోయాయి.

ఆ తరువాతి ఏడే ఆరోగ్య శాఖ నుంచి ఒక డాక్టరు వచ్చాడు. తంజావూరు వైపు తమిళుడు, సన్నగా, కళ్ళద్దాలతో. నారికురుపు ఏ బావుల్లోంచి వస్తోందో కనిపెట్టడం అతని పని. ఊరూరా తిరిగాడు. ఎవరూ నిజం చెప్పలేదు. పంచె కింద కట్టు దాచుకుని "మా ఊర్లో అట్లాంటిది లే సామీ" అనేవారు. చెబితే బావి పూడ్చేస్తారని భయం, ఆ ఊరికి పిల్లనివ్వరని ఇంకో భయం. విసిగిపోయి బడి వరండాలో కూర్చుని నీళ్ళు అడిగాడు. కాచిన నీళ్ళు ఉన్నాయా అన్నాడు. మాటల్లో నా మచ్చ చూపించి అత్త సంగతి చెప్పాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను. అతను వెంటనే లేచి, "చూపించండి" అన్నాడు.

రోగుల వెనక నిలబడి తన వంతు కోసం చూశాడు. వంతు రాగానే ఆమె, "కాలు చూపించు" అంది తమిళంలో.

"నాకు జబ్బు లేదమ్మా. మీరు ఎట్లా తీస్తారో నేర్చుకుందామని వచ్చాను."

"నేర్చుకునేదానికి వచ్చినోడు బూట్ల మీద నిలబడడు. కూచుంటాడు."

అతను బూట్లు విప్పి నేల మీద కూర్చున్నాడు. మరునాడూ వచ్చాడు, ఆ మరునాడూ. ఆమె అతని చేతికి ఈనెపుల్ల ఇచ్చి, పైన తన చెయ్యి వేసి చుట్టించింది. "డాక్టరప్పా, నీ చెయ్యి మంచిది. కానీ ఊపిరి బిగబడతా ఉండావు. ఊపిరి వదులు" అనేది. అతను వదిలేవాడు. అతను అదృష్టవంతుడని నాకు అప్పుడే అనిపించింది. ఆమె మెప్పు ఊర్లో ఎవరికీ దొరకదు.

ఒక పొద్దు అతను అడిగాడు. "అందరినీ ఏ బావి నీళ్ళని అడుగుతారు, ఎందుకు?"

"మా అత్త అడిగేది, నేనూ అడగతా ఉండాను. చేదబాయి నీళ్ళు తాగినోడు ఒక్కడన్నా నా కాడికి వచ్చినాడా? రాలే. అందరూ దిగుడుబాయి వాళ్ళే." ఏ ఊరి ఏ బావి నుంచి ఎక్కువ మంది వస్తారో, ఏ బావి ఈ మధ్యే చెడిందో, గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. డాక్టరు అన్నీ రాసుకున్నాడు. ఊరూరా తిరిగినా అతనికి దొరకనిది ఆమె నాలుక మీద ఉంది.

"చేదబావిలో రాదు, దిగుడుబావిలోనే వస్తుంది. కారణం ఏమనుకుంటున్నారు?"

"అనుకునేదేముంది! దిగినప్పుడు కాలి పగుళ్ళలో దూరుతుంది. అందుకే ఆముదం పట్టించి దిగమంటాను."

"బావి సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం అమ్మా. పగుళ్ళ సంగతి కాదు."

ఆమె ముఖం ఎర్రబడింది. "పో. పొయ్యి మదరాసులో చెప్పుకో" అంది. ఆరోజు అతన్ని మళ్ళీ కూర్చోనివ్వలేదు.

మరునాడు అతను ఒక చెక్కపెట్టె మోసుకొచ్చాడు. అందులో సూక్ష్మదర్శిని. ఆరోజు వచ్చిన రోగి ఒక కూలిపని ఆవిడ, పొక్కు అప్పుడే పండింది. "బావికి వద్దమ్మా, ఒక్కసారి ఈ బేసినులో పెట్టించండి" అని బతిమాలాడు. అత్త మూతి ముడుచుకుని సరేనంది. కాసేపటికి నీళ్ళలోకి తెల్లగా వదిలింది.

"పాలు దిగినాయి" అంది, అలవాటుగా.

డాక్టరు ఒక చుక్క తీసి గాజుపలక మీద వేసి, "చూడండి" అన్నాడు. ఆమె ఒక కన్ను మూసి వంగింది. చాలాసేపు వంగే ఉంది. నేనూ తర్వాత చూశాను. సన్నటి వెంట్రుకల్లాంటివి లెక్కలేనన్ని, మెలికలు తిరుగుతూ.

"ఇయ్యేంది?"

"దాని పిల్లలు. పాలు కాదమ్మా ఇవి."

తర్వాత గాజు గ్లాసులో మా బావి నీళ్ళు పోసి ఎండకు ఎత్తి పట్టాడు. అందులో తెల్లటి నలుసులు ఎగిరెగిరి పడుతున్నాయి. మేమందరం రోజూ చూసేవే, ఎవరమూ పట్టించుకోనివే. "ఈ నలుసు ఆ పిల్లను మింగుతుంది. నీళ్ళతోపాటు నలుసును మనం మింగుతాం. ఏడాది తిరిగేసరికి అది కాలిలోకి దిగుతుంది. చేదబావిలో ఎవరూ కాలు పెట్టరు. అందుకే అక్కడ రాదు."

అత్త గ్లాసు తీసుకుని చూసింది. తర్వాత బావి వైపు చూసింది. ఆమె గొంతు అంత తగ్గడం నేను వినడం అదే మొదటిసారి.

"అయితే, నేను ఆ మెట్టు మీద కూచోబెట్టినోళ్ళందురూ..."

డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీరు చెప్పకపోతే బావుల సంగతి నాకు తెలిసేది కాదమ్మా" అన్నాడు.

"అది నీ పక్క మాట. నా పక్క మాట నాకు తెలుసు."

లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది. కూలి ఆవిడ కాలికి కట్టు అత్త మొగుడే వచ్చి కట్టాడు. ఆ పగలంతా తలుపు తెరుచుకోలేదు. ఇక ఆమె మమ్మల్ని గడప తొక్కనివ్వదని నేను డాక్టరుతో అన్నాను.

మరునాడు పొద్దున బండ ఖాళీగా ఉంది. ఆమె బావి దగ్గర, పై మెట్టుకు అడ్డంగా కూర్చుని ఉంది. పక్కన పెద్ద మట్టితొట్టి. కాలికి పుండున్నవాళ్ళను మెట్టు దిగనివ్వడం లేదు. వాళ్ళ బిందెలు వేరేవాళ్ళతో ముంచి ఇప్పిస్తోంది. మంటగా ఉన్నవాళ్ళ కాళ్ళు తొట్టిలో పెట్టిస్తోంది. ఆ నీళ్ళను దూరంగా కాగిన బండ మీద పోయించి, "ఎండకు చావనీ" అంటోంది.

నీళ్ళకు వచ్చిన ఒకావిడ ఊరుకోలేదు. "దిగి కూచోమన్న నోరే గదా అత్తా ఇది?"

"ఆ నోరే. అప్పుడు తెలీక చెప్పింది, ఇప్పుడు తెలిసి చెప్తా ఉంది. రెండుసార్లూ నీ మంచికే. బిందె ఇట్ల తే."

బిందె మూతికి పాత నూలు చీర రెండు మడతలు వేసి కట్టింది. "దీంట్లో వడకట్టి తాగు. ఆ నలుసులు గుడ్డ మీదే నిలబడతాయి" అంది. గుడ్డ ఉపాయం డాక్టరు చెప్పిందే. ఒక్క మడత చాలదని, నేత బిగువుగా ఉన్న గుడ్డే కావాలని గ్లాసు ఎండకు పట్టి పట్టి తేల్చింది ఆమె. డాక్టరు తర్వాత అన్ని ఊళ్ళలోనూ అట్లాగే చెప్పించాడు.

అంతటితో ఆగలేదు. బాగలూరు సంతలో ఉల్లిగడ్డల రాశుల పక్కన నిలబడి పాత రోగులను కేకవేసి పిలిచేది. "నేను కాళ్ళు పెట్టమన్నాను గదా, పెట్టొద్దు. నేను చెప్పింది తప్పు" అనేది. బస్సంటే భయపడే మనిషి బస్సెక్కి తళి వైపు ఊళ్ళకు పోయి వచ్చింది. మైసూరు సీమలోనూ తనకు సాటి లేరని చెప్పుకున్న గొంతుతోనే, అంతే గట్టిగా, తన తప్పు చెప్పింది. కొందరు నవ్వారు. ఒక ఊర్లో, తన కొడుకు కాలు పోయిందని ఒకావిడ దుమ్మెత్తి పోసింది. ఆ దుమ్ము దులుపుకోకుండానే ఇంటికి వచ్చిందని మొగుడు చెప్పాడు.

అసలు పోరు బావి గురించి వచ్చింది. మెట్లు తీసేసి, చుట్టూ గోడ కట్టి, గిలక పెట్టాలని డాక్టరు అన్నాడు. ఊరి పెద్దలు బడి ముందు కూర్చున్నారు. ఏటా గంగమ్మను ఆ మెట్ల మీదుగానే దింపి స్నానం చేయిస్తారు. "మా తాతల నాటి మెట్లు. గంగమ్మ దిగే మెట్లు. తీసేదానికి నువ్వెవరప్పా?" అని ఊరి పెద్దాయన డాక్టరు మీద కోప్పడ్డాడు. డాక్టరు నలుసుల గురించి చెబితే ఎవరూ వినలేదు. సమావేశం లేచిపోయేలా ఉంది.

అత్త వెనకనుంచి లేచింది.

"గంగమ్మకు మెట్లెందుకప్పా? ఆమె ఉండేదే నీళ్ళలో. దిగేది మనం. పుండ్ల కాళ్ళు కడిగేది మనం. ఆ నీళ్ళే కుండలో తీసి ఆమె నెత్తిన పోస్తా ఉండామే, ఎట్ల ఓర్చుకొనిందో ఇన్నేండ్లు!"

పెద్దాయన, "ఆ పుండ్ల కాళ్ళు దింపించింది నువ్వే గదమ్మా?" అన్నాడు.

"నేనే. అందుకే మొదటి రాయి నేనే తీస్తాను."

వేసవిలో నీళ్ళు అడుగంటినప్పుడు పని మొదలైంది. రాళ్ళు తీసేవాళ్ళు గడ్డపారలతో సిద్ధంగా ఉన్నారు. ఆమె చీర ఎగదోపి, ఒక గడ్డపార తీసుకుని ఒంటరిగా దిగింది. పై మెట్టు కాదు, తను అందరినీ కూర్చోబెట్టే అడుగు మెట్టు దగ్గరికి పోయింది. ఎన్ని తరాలు కూర్చున్నారో, ఆ రాయి అద్దంలా నునుపు తేలి ఉంది. గడ్డపార దూర్చి ఎత్తబోయింది. కదలలేదు. మళ్ళీ ఎత్తింది. పైనున్నవాళ్ళు దిగబోతే "ఎవురూ రావొద్దు" అని అరిచింది. అప్పుడు మొగుడు, ఆ వంకర కాలితో, మెట్టు మెట్టుకూ చెయ్యి ఆనించుకుంటూ దిగాడు. అతన్ని మాత్రం ఆమె ఆపలేదు. ఇద్దరూ కలిసి మోపితే రాయి కదిలింది. ఆ తర్వాత ఆమె అతని భుజం పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడింది.

మరుసటి ఏడు నన్ను కృష్ణగిరికి మార్చారు. అక్కడ ఒకసారి డాక్టరు ఆరోగ్య శాఖ ఉద్యోగులకు శిక్షణ పెట్టి ఆమెను పిలిపించాడు. తెలిసి నేనూ వెళ్ళాను. ఆమెకు కుర్చీ వేశారు. ఆమె కూర్చోలేదు. "నేల మీదికి రండప్పా, కాలు పైనుంచి చూస్తే కనపడదు" అని ప్యాంట్లు వేసుకున్న వాళ్ళందరినీ కింద కూర్చోబెట్టింది. నారి ఎట్లా చుట్టాలో చూపించే ముందు, మెట్టు మీద కూర్చోబెట్టిన సంగతి పూర్తిగా చెప్పింది. ఒక కుర్రవాడు మొహమాటంగా, "తెలీక చేసినారు లే అవ్వా" అన్నాడు.

"తెలీదని నేనెప్పుడన్నా అనుకొన్నానా? అన్నీ తెలుసనే గదా చేసినాను. నీకు తెలుసనుకునేది ఏదైనా ఉంటే, అదీ ఒకసారి నీళ్ళలో వేసి చూసుకో" అంది.

ఆ పక్కనే నిలబడ్డ డాక్టరు, చదువుకునే పిల్లవాడిలా చేతులు కట్టుకుని విన్నాడు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక సెలవు రోజున ఆ పల్లెకు వెళ్ళాను. బావికి గోడ, గిలక. అత్త జుట్టు తెల్లబడింది, మనిషి సగమైంది, గొంతు మాత్రం తగ్గలేదు. బండ చుట్టూ ఎవరూ లేరు.

"పని లేకుండా పోయిందే అత్తా" అన్నాను.

"ఆ డాక్టరప్ప నా కడుపు కొట్టి పోయినాడు" అని నవ్వింది. "మూడు ఎండాకాలాలు గడిచినాయి అయ్యోరా, ఈ చుట్టుపక్కల ఏ ఊర్లోనూ ఒక్క నారి లే. పురుళ్ళుండాయి, బతుకుతా ఉండాను."

ఆ మాట అంటుండగానే వీధి చివరి నుంచి ఒక అమ్మాయి కుంటుతూ వచ్చింది. పసుపు ఆరని కొత్త కోడలు, ఇంకా దిగుడుబావులున్న కల్లావి వైపు నుంచి వచ్చింది. వెంట ఆ పిల్ల అత్తగారు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. పిల్ల చీలమండ ఎర్రగా వాచి ఉంది. ఒక్కొక్కరే గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఒకావిడ చంకలో ఉన్న బిడ్డను లోపలికి తీసుకుపోయింది.

అత్త చేతులు కడుక్కుని, పిల్ల కాలు ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో వాపు చుట్టూ నొక్కింది. కళ్ళు మూసుకుంది. ఒకచోట ఆగింది. మళ్ళీ నొక్కింది. పిల్ల "అమ్మా" అంది. ఆమె గోళ్ళతో చర్మం ఒడిసి పట్టి, ఒక్క ఊపున ఏదో లాగింది. ఎన్నడూ లాగని మనిషి.

వేళ్ళ మధ్య నల్లటి తుమ్మముల్లు.

దాన్ని ఎండకు ఎత్తి పట్టి, "ముల్లు! ఒట్టి ముల్లప్పా! ముల్లే!" అని వీధి దద్దరిల్లేలా అరిచింది. లోపలినుంచి ముసలి మొగుడు గిన్నె చేతిలో పట్టుకునే కుంటుకుంటూ పరుగున వచ్చాడు. వీధి వీధంతా గొల్లుమని నవ్వింది. ఎవరో బెల్లం ముక్క తెచ్చి పిల్ల నోట్లో పెట్టారు. అత్తగారు కళ్ళు తుడుచుకుంటోంది. తన కాల్లో ముల్లు గుచ్చుకుంటే ఈ ఊరికి ఇంత పండగెందుకో అర్థంకాక, ఆ కొత్త పెళ్ళికూతురు ఒంటికాలి మీద నిలబడి, బెల్లం చప్పరిస్తూ అందరి ముఖాలూ చూస్తూ ఉండిపోయింది.